పదో తరగతి మొత్తానికి ఒకే ఆసక్తి

నా భార్య పోయిన తర్వాత బడిలో నాకు పనులు ఎక్కువయ్యాయి. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో ఇవ్వలేదు. మనసు వేరే ధ్యాసలో పడితే దుఃఖం తగ్గుతుందని మా హెడ్మాస్టరు గట్టిగా నమ్మాడు. మొదటి నెలలో మధ్యాహ్న భోజనం రిజిస్టరు ఇచ్చాడు. రెండో నెలలో లైబ్రరీ బీరువా తాళం, ఆ తర్వాత బడి వెనుక కరివేపాకు మొక్కలు. ఆయనకు నా మీద జాలి పెరిగిన వారం నాకు పని పెరిగేది. ఫిబ్రవరిలో పై ఆఫీసు నుంచి కెరీర్ గైడెన్స్ అనే కొత్త పని వచ్చినప్పుడు స్టాఫ్ రూములో అందరూ ఒకేసారి నా వైపు చూశారు. పుస్తకాలు చదివేవాడికి లోకంలోని ఉద్యోగాలన్నీ తెలిసి ఉంటాయని వాళ్ల నమ్మకం. నాకు తెలిసిన ఉద్యోగం ఒక్కటే, సాంఘిక శాస్త్రం చెప్పడం. అది కూడా నేను ఎంచుకున్నది కాదు. బీఈడీలో ఆ సీటే మిగిలింది.

మా బడి బోధన్ దగ్గర, కాలువ కింద ఒక పల్లెలో ఉంది. నేను నిజామాబాద్ నుంచి రోజూ బస్సులో వెళ్తాను. దారికి రెండు వైపులా ఒకప్పుడు చెరకు ఉండేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎక్కువగా వరి. మా పిల్లల్లో సగం మంది ఊరి వాళ్లు, సగం మంది క్యాంపు వాళ్లు. క్యాంపు అంటే తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ భూములు కొనుక్కున్న రైతుల వాడ. మూడు తరాలైనా ఆ పేరు పోలేదు. ఊరి వాళ్లు నన్ను సారు అంటారు, క్యాంపు పెద్దలు మాస్టారు అంటారు. పిల్లలు మాత్రం గేటు లోపల ఒక భాష, గేటు బయట ఒక భాష మాట్లాడతారు. అది వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

వచ్చిన పని ఏమిటంటే, పదో తరగతి పిల్లలందరికీ ఫోన్‌లో ఆసక్తుల పరీక్ష పెట్టాలి. కొన్ని ప్రశ్నలు అడిగి, ఏ పనికి పనికొస్తారో ఫోనే చెబుతుంది. ఆ ఫలితాన్ని ముద్రించి, ముద్ర వేసి పిల్లలకు ఇవ్వాలి. ఒక్కొక్కరికి వేరుగా పెట్టాలంటే తండ్రి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, అది చెబితే పరీక్ష తెరుచుకుంటుంది. తండ్రులు పొలంలో ఉంటారు. పైగా ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని ఫోన్ చేసిన ప్రతిసారీ ఫోనే వాళ్లకు చెబుతూ వస్తోంది. మొదటి రోజు పన్నెండు మంది తండ్రులకు ఫోన్ చేశాను. ఇద్దరు నన్ను పోలీసులకు పట్టిస్తామన్నారు. అందులో ఒకాయన నా గొంతు గుర్తుపట్టి కూడా అదే మాట అన్నాడు.

చివరికి హెడ్మాస్టరు ఒక ఉపాయం చెప్పాడు. ఆయన నంబరుతో ఒక్కసారి తెరిచి, ప్రశ్నలు గట్టిగా చదివి, చేతులెత్తమని, ఎక్కువ చేతులు లేచిన జవాబు నొక్కితే సరిపోతుందన్నాడు. ఎన్నికలు కూడా అట్లనే కదా అన్నాడు. నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది. కానీ ఆ రోజుల్లో ఎవరితోనూ వాదించే ఓపిక నాకు లేదు. సిగ్నల్ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కనే వస్తుంది కాబట్టి తరగతినంతా అక్కడికి ఎక్కించాం.

నలుగురిలో అందంగా కనబడటం నీకు ఇష్టమా అన్న ప్రశ్నకు అన్ని చేతులూ లేచాయి. ఒంటరిగా కూర్చుని లెక్కలు చేయడం ఇష్టమా అంటే ఒక్కటీ లేవలేదు. చేతులకు మట్టి, నూనె అంటుకునే పని చేయడానికి అభ్యంతరం లేదా అన్నప్పుడు పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మా బడిలో అలాంటి ప్రశ్న అడిగారంటే ఆ వెంటనే ఎవరో ఒకరు గడ్డి పీకాల్సి వస్తుంది. తెలివైన తరగతి. అందరూ చేతులు కట్టుకున్నారు. వెనుక వరసలో ఒక క్యాంపు అమ్మాయి మాత్రం చెయ్యెత్తి, చుట్టూ చూసి కూడా దించలేదు. ఒక్క చెయ్యి కాబట్టి లెక్కలోకి రాలేదు.

ఫోన్ మా తరగతి ఆసక్తిని తేల్చింది: సౌందర్య సంరక్షణ, బ్యూటీషియన్ రంగం. హెడ్మాస్టరు ఆ కాగితాన్ని జిరాక్సు తీయించి, ఒక్కో దాని మీద ఒక్కో పేరు రాయించి, గుండ్రటి ముద్ర వేసి బీరువాలో పెట్టాడు. అందరికీ ఒకటే వస్తే తగాదా ఉండదని కూడా అన్నాడు.

జూన్‌లో పదో తరగతి ఫలితాలయ్యాక తల్లిదండ్రులు మార్కుల మెమోలకు, టీసీలకు వచ్చారు. ప్రతి కవరులో ఈ కాగితం కూడా ఉంది. మెమోను ఎవరూ సరిగా చూడలేదు. ముద్ర ఉన్న కొత్త కాగితాన్నే చూశారు. సర్కారు మా బడి పిల్లలందరినీ బ్యూటీ పార్లర్లకు రాసేసిందని మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. మీసాలు మొలుస్తున్న మనవడిని వెంటబెట్టుకుని ఒక అవ్వ నా దగ్గరికి వచ్చింది. ఆమెకు కోపం లేదు. సవరణ ఉంటే చాలు.

"గిది మంచిదే కావచ్చు సారు, గని మావోనికి ఏసీల కూసునేది రాయి. ఏదైనా సరే, ఏసీ ఉండాలె."

హెడ్మాస్టరు దీన్ని పుట్టిన తేదీ సవరణలాగే తీసుకున్నాడు. బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టి, తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసిస్తే ఆసక్తి మార్చి కొత్త ముద్ర వేస్తామన్నాడు. రెండు రోజుల్లో మా తరగతిలో సగం మంది డాక్టర్లు, సగం మంది సాఫ్ట్‌వేర్లు అయ్యారు. ఒకడు కలెక్టరు. గణితంలో అంచు మీద గట్టెక్కినవాడి తండ్రి ఏరోనాటికల్ అని రాయమని, ఆ మాటను చీటీ మీద రాయించుకుని వచ్చాడు.

మంగళవారం ఆ అమ్మాయి వచ్చింది, డాబా మీద చెయ్యెత్తిన అమ్మాయి. తన కాగితం బల్ల మీద పెట్టి, మోటరు వైండింగ్ అని రాసి ఇవ్వమంది. వాళ్ల పొలం మోటరు సీజనుకు రెండుసార్లయినా కాలుతుందట. తండ్రితో బోధన్‌లోని వైండింగ్ షాపుకు వెళ్లి, అది బాగయ్యేదాకా పొద్దంతా అక్కడే కూర్చునేది. కాలిన రాగి తీగ తీసేసి కొత్తది చుట్లు చుట్లుగా ఎక్కించడం చూసి చూసి, ఇప్పుడు ఎన్ని చుట్లు పడతాయో లెక్కపెడుతోంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటు వస్తే సెలవు రోజుల్లో పని నేర్పుతానని షాపాయన మాట ఇచ్చాడు. మొదటి ఆరు నెలలు కాలిన తీగ పీకడమే, కొత్త రాగి ముట్టనివ్వనని కూడా చెప్పాడు. తనకేదో బహుమతి వచ్చినట్టు ఆమె అది నాకు చెప్పింది. ఇక కావలసింది అంగీకార పత్రం మీద తండ్రి సంతకం. శనివారం ఆఖరి రోజు.

"నేను చెప్తే ఇనడు సార్. ముద్ర ఉన్న కాయితం చెప్తే ఇంటడు."

నేను వెంటనే రాసివ్వలేదు. అందరికీ దొంగ కాగితాలు ఇచ్చిన బల్ల మీద ఆమెకూ ఒక దొంగ కాగితం ఇవ్వడం నాకు నచ్చలేదు. ఇంకొక కారణం ఉంది. అది ఇక్కడ చెప్పాలి.

నా భార్య ఇంట్లో కుట్టు మిషన్ మీద జాకెట్లు కుట్టేది. నలుగురైదుగురు ఆడపిల్లలు ఎప్పుడూ ఆమె దగ్గర పని నేర్చుకుంటూ ఉండేవాళ్లు. మొదటి మూడు నెలలు హుక్కులు, కాజాలే. కత్తెర ఇవ్వమని ఎవరైనా అడిగితే, హుక్కు లాగి చూసేది. ఊడకపోతేనే కత్తెర. స్టాఫ్ రూములో ఎవరైనా మీ మేడం ఏం చేస్తారని అడిగితే, ఇంట్లోనే ఉంటుంది అని నేను చెప్పేవాణ్ణి. పాతికేళ్లు అదే చెప్పాను. ఆమె పోయిన పదో రోజున ఆ పిల్లలు వచ్చారు. మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది, ఎవరిదో పెళ్లికి ఇవ్వాల్సింది. ఒకమ్మాయి కూర్చుని అది పూర్తి చేసింది. ఇంకో అమ్మాయి హుక్కులు లాగి చూసింది. మా ఇంట్లో నేను కాక ఇంకొక టీచరు ఉండేదని నాకు ఆ రోజు తెలిసింది. అప్పటికి ఆ మాట చెబుదామన్నా ఎవరూ అడగడం లేదు.

అందుకని ఆ అమ్మాయి విషయంలో నిజమైన పరీక్ష, నిజమైన కాగితం కావాలనుకున్నాను. దానికి తండ్రి ఓటీపీ చెప్పాలి. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో అడిగింది. కన్నకూతురైనా సరే ఓటీపీ చెప్పనన్నాడట.

మర్నాడు ఆయనే బడికి వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట, చేతిలో ప్లాస్టిక్ కవరు. భీమవరంలో బంధువుల పెళ్లి ఉందట. అక్కడ అందరూ పిల్లల చదువుల గురించే అడుగుతారట. కాగితం మీద సాఫ్ట్‌వేర్ అని ఉంటే లామినేషన్ చేయించి తీసుకెళ్తాడట.

"మా అన్నయ్య గారబ్బాయి సాఫ్ట్‌వేరండీ. మనం వెళ్లి ఏం చెప్పుకుంటాం మాస్టారూ, మోటార్లు చుడుతుందనా?"

రిజిస్టరులో రాస్తే హెడ్మాస్టరు మార్చేస్తాడు, నా అవసరం కూడా లేదు. కానీ హెడ్మాస్టరు ఆ రోజు నిజామాబాద్ మీటింగులో ఉన్నాడు. నేను ఒక మాట చెప్పాను: పరీక్ష పెడదాం, మీరే పక్కన కూర్చోండి, అందులో సాఫ్ట్‌వేర్ అని వస్తే అదే ముద్రిస్తాను. ఆయన ఆలోచించి ఒప్పుకున్నాడు. ముగ్గురం డాబా ఎక్కాం. ఓటీపీ వచ్చింది. ఆయన నాకు వీపు తిప్పి, ట్యాంకు నీడలోకి వెళ్లి చదువుకుని, నా ఫోన్ తీసుకుని, అరచెయ్యి అడ్డం పెట్టి తానే కొట్టాడు. తర్వాత ఆ మెసేజి తీసేశాడు. మళ్లీ చూసి తీసేశాడని నిర్ధారించుకున్నాడు.

పరీక్ష సగం దాకా ఆయనే జవాబులు చెప్పాలని చూశాడు. పాడైన వస్తువును విప్పి చూడాలనిపిస్తుందా అన్న ప్రశ్నకు, పోయినేడు టీవీ రిమోటు విప్పి పాడుచేసింది కదండీ అన్నాడు, ఫిర్యాదుగా. పాడు చేసింది కాదు, బాగు చేసింది అని అమ్మాయి అంది. బాగైంది నిజమేనని, కానీ నంబరు ఐదు ఇప్పటికీ గట్టిగా నొక్కాలని ఆయన అన్నాడు. ఐదో చానల్ ఎవరు చూస్తారని వాళ్లిద్దరూ కాసేపు వాదించుకున్నారు. నేను ఆ ప్రశ్నకు అవును అని నొక్కాను.

ఫలితం వచ్చింది: విద్యుత్ పరికరాలు, మోటార్ల మరమ్మతు. ఎవరూ మార్చలేదు, ఎవరూ ఓటు వేయలేదు. నేను ఫోన్ ఆయన ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు. అమ్మాయి ఆయన ముఖమే చూస్తోంది.

"మొన్న అందరికీ బ్యూటీ పార్లరన్నది కూడా ఈ ఫోనే కదండీ," అన్నాడు.

ఆయన చెప్పింది న్యాయం. డాబా మీద ఫిబ్రవరిలో నేను నోరు మూసుకున్నందుకు జూన్‌లో ఒక అమ్మాయి దిగిపోతున్న మెట్ల చప్పుడు వినాల్సి వచ్చింది. ఆమె అలిగి తండ్రి కంటే ముందే వెళ్లిపోయింది. నేను కాగితం ముద్రించి, ముద్ర వేసి, నా సంచిలో పెట్టుకున్నాను. బుధవారం అది.

గురువారం మండలం ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. మా బడి ఆసక్తుల జాబితా మొదట అందరూ బ్యూటీషియన్లని వెళ్లి, వారంలోనే అందరూ డాక్టర్లూ సాఫ్ట్‌వేర్లూ అని మళ్లీ వెళ్లేసరికి పైన ఎవరో నవ్వారట, ఇంకెవరో కోప్పడ్డారట. ఆయనకు కావలసింది వేరు. చేతి పని నేర్చుకుంటామన్న పిల్లల ఫోటో ఒకటి పంపమని ఆయనకు ఆదేశం. మండలంలో ఏ బడిలోనూ ఒక్కరు దొరకలేదు.

"ఒక్కలన్న లేరా సారూ? కనీసం ఒక్కలు?" అని హెడ్మాస్టరును బతిమాలుతున్నట్టు అడిగాడు. హెడ్మాస్టరు నన్ను చూశాడు. నేను సంచిలోంచి కాగితం తీశాను.

ఆ తర్వాత జరిగినవన్నీ హెడ్మాస్టరు ఉత్సాహం వల్ల జరిగాయి. శుక్రవారం పొద్దున్నే శాలువా, దండ, ఫ్లెక్సీ వచ్చాయి. అమ్మాయి చేతిలో మోటరు ఉండాలని అధికారి అన్నాడు. ఊళ్లో కాలిన మోటరు దొరకలేదు. వాన పడింది, ఎవరూ మోటర్లు వేయడం లేదు. దాంతో హెడ్మాస్టరు బడి బోరు మోటరును పైకి లాగించాడు. ఐదుగురు మనుషులు, గొలుసు, పైపులు, రెండు గంటలు. బాగా నడుస్తున్న మోటరు. దాన్ని తుడిచి, బొట్టు పెట్టి, బల్ల మీద పడుకోబెట్టారు. తల్లిదండ్రులందరినీ పిలిపించారు.

అమ్మాయి వచ్చి ముందు మోటరు చుట్టూ తిరిగింది. వైరు చూసింది, వంగి వాసన చూసింది.

"ఇది కాలలేదు సార్. ఎందుకు తీసిన్రు?"

ఫోటో కోసమమ్మా అన్నాడు అధికారి. టెస్టరు పట్టుకుని నవ్వమన్నాడు. సాయంత్రం లోపల మళ్లీ దింపుతామంటేనే పట్టుకుంటానని, చిన్న తరగతుల వాళ్లకు బాత్రూముల్లో నీళ్లుండవని ఆమె చెప్పింది. అధికారి హెడ్మాస్టరును చూశాడు, హెడ్మాస్టరు ఆ ఐదుగురిని చూశాడు, వాళ్లు అప్పటికే టీకి వెళ్లిపోయారు. వాళ్లను పిలుచుకురమ్మని ఒకరిని పంపారు. వాళ్లు కనబడ్డాకే ఆమె టెస్టరు పట్టుకుంది, నవ్వలేదు. శాలువా కప్పారు. శాలువా ఆమెకు పెద్దదైంది. వెనుక వరసలో నిలబడ్డ తండ్రి చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చేతులు దగ్గరగా పెట్టుకుని ఉండిపోయాడు. పక్కవాళ్లు ఆయన భుజం తట్టాక కొట్టాడు.

శనివారం జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. మోటరే బాగా కనిపించింది. పదింటికల్లా రిజిస్టరు దగ్గర మళ్లీ వరస కట్టారు. డాక్టర్లు నలుగురు వచ్చి మోటరు వైండింగ్ అని మార్చమన్నారు. ఏరోనాటికల్ ఆయన చీటీ కూడా తేలేదు, నోటితోనే చెప్పాడు. వాళ్లలో ఒకాయన ఆ అమ్మాయి తండ్రికి చిన్నాన్న కొడుకు. కొడుకును వెంటబెట్టుకుని, ఐటీఐ దరఖాస్తు కూడా నింపుకుని వచ్చాడు. ఆ పిల్లాడు మోటరు స్విచ్చు ఎటు నొక్కితే పడుతుందో కూడా తెలియదన్నట్టు నిలబడి ఉన్నాడు. పనుల మీద ఇంత గౌరవం ఒక్క శాలువాతో వస్తుందని తెలిస్తే నేను పాతికేళ్ల కిందే ఒకటి కొని ఉండేవాణ్ణి.

పదకొండున్నరకు అమ్మాయి తండ్రి మోటర్ సైకిల్ మీద వచ్చాడు. వెనుక అమ్మాయి. ఆయన తెల్ల చొక్కా గుండీలు ఒకటి కింద ఒకటి తప్పాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సీట్లు ఎన్నుంటాయి మాస్టారూ? మా తమ్ముడు అప్లికేషను వేసేశాడంటగా వాళ్లబ్బాయికి."

వేశాడని చెప్పాను. మార్కుల్ని బట్టి ఇస్తారని, అమ్మాయికి మార్కులు బాగున్నాయని కూడా చెప్పాను. మీకు ఇష్టమేనా అని అడిగాను. అడగకుండా కాగితం ముందు పెడితే పని అయిపోయేది, కానీ అడగాలనిపించింది. ఆయన కిటికీలోంచి బోరు వైపు చూశాడు. పొద్దున ఆ షాపాయనకు ఫోన్ చేశాడట. చెయ్యి కుదరడానికి రెండేళ్లు పడుతుందని చెప్పాడట.

"ఆ పిల్లాడు రెండు నెల్లకి మానేస్తాడండీ. నాకు తెలుసు వాణ్ణి. మా అమ్మాయి మానదు."

భీమవరంలో ఏం చెబుతారో నేను అడగలేదు. పెన్ను ఇవ్వమని చెయ్యి చాపాడు. అంగీకార పత్రం నాలుగు పేజీలు. ఆయన మొదటి పేజీలో నెమ్మదిగా, పూర్తి పేరుతో సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టాడు. అమ్మాయి కాగితం తిప్పి, రెండో పేజీ అడుగున ఉన్న గడి మీద వేలు పెట్టింది.

"ఇక్కడ కూడా, నాన్నా."